వంకలన్నీ తీరిన ఇల్లు

నేను చెప్పే లోపాలను ఇంతకాలం ఎవరూ పట్టించుకోలేదు. పట్టించుకున్న ఒకే ఒక్క మనిషి వల్ల మునిగాను.

రోజూ వికారాబాద్ నుంచి తాండూరుకు ఉద్యోగానికి వస్తూ, రైలు ఆలస్యమైనప్పుడల్లా ఆఫీసులో మాటలు పడేవాణ్ణి. చివరికి తాండూరు స్టేషన్ దగ్గర నా జీతానికి అందే అద్దెకు రెండు గదుల పోర్షన్ దొరికింది. నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇంకాస్త తగ్గిస్తారేమోనని నల్లా కారుతోందన్నాను, గడియ పడడం లేదన్నాను, కింద బండలు ఎగుడుదిగుడుగా ఉన్నాయన్నాను. ఓనరమ్మ ఓపికగా విని, "సరే సారూ, జర ఆగి రాండ్రి" అంది.

మళ్లీ వెళ్లేసరికి కొత్త నల్లా, కొత్త గడియ, నున్నగా పాలిష్ పట్టించిన బండలు. అద్దె కూడా పెరిగింది.

"గిదేందమ్మా, గంత పెంచిన్రు?"

"మీరు చెప్పినయే చేపిచ్చిన సారూ. గిప్పుడేం వంక పెడ్తరో పెట్టుండ్రి."

ఎంత వెతికినా వంక దొరకలేదు. నా జీవితంలో అదే మొదటిసారి. పాత అద్దెకే ఇమ్మంటే, "మా ఆయన్ను అడిగి చెప్త" అంది. అప్పటినుంచి ఫోన్ ఎత్తదు. టులెట్ బోర్డు మాత్రం ఇంకా గేటుకు వేలాడుతోంది.

ఓనరమ్మా, మీ ఇల్లు బాగుపడింది నా నోటి వల్లే. పాత అద్దెకు ఇస్తారా, ఇవ్వరా? ఇవాళైనా చెప్పండి.