పడవ నిండిన వాన

మా తమ్ముడికి రోజంతటికీ అర లీటరు నీళ్లు. టీ అందులోనే, మాత్రలు మింగే గుక్క అందులోనే, అన్నంలో కలుపుకునే మజ్జిగా అందులోనే. ఉద్దానంలో ఈ జబ్బు తొక్కని వీధి లేదు కాబట్టి మా వైపు ఎవరికీ ఇది విడమరచి చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెబుతున్నాను. మూత్రపిండాలు చెడిపోయిన మనిషి తాగిన నీళ్లు ఒంట్లోనే ఉండిపోతాయి. మళ్లీ డయాలసిస్ మిషను ఎక్కేదాకా బయటికి రావు. ఈలోగా ఎక్కువ తాగితే ఊపిరితిత్తుల్లో చేరి మనిషిని మంచం మీదే ముంచేస్తాయి. మాకు దగ్గరలో డయాలసిస్ కేంద్రాలు ఇంకా రాని రోజులవి. వారానికి రెండుసార్లు శ్రీకాకుళం వెళ్లేవాళ్లం.

ఆ అర లీటరు సీసా వాడి పెళ్లాం, మా మరదలి దగ్గర ఉండేది. సాలూరులో లారీలు తిప్పే కుటుంబం నుంచి మా ఇంటికి వచ్చిన మనిషి ఆమె. మాట కరుకు, మనసు అంతకన్నా గట్టిది. తమ్ముడు ఆమెని బతిమాలేవాడు, తిట్టేవాడు, ఒట్లు పెట్టేవాడు. ఆమె ఒక్క గుక్క కూడా ముందుగా ఇచ్చేది కాదు.

తాగే దారి లేనివాడికి నీళ్ల మీద తిరగాలన్న కోరిక పుట్టింది. మా ఊరి వెనక చిత్తడి నేలని మేం బీల అంటాం. తాతగారి రోజుల్లో ఆ బీలలో వల వెయ్యాలంటే మా గుమ్మంలోకి వచ్చి అడగాలి. నా చేతికి ఇల్లు వచ్చేసరికి బీల లేదు, పొలం లేదు. నాన్న చేయించిన చిన్న చెక్క పడవ మిగిలింది. ఇద్దరు కూర్చుని గాలం వేసుకునేంతది. బీలని వేలంలో పాడుకున్న కొత్తవాళ్లు మర్యాదగానే మాట్లాడారు. మీరు ఎప్పుడైనా వచ్చి గాలం వేసుకోండి బాబూ అన్నారు. మా నీళ్ల మీద ఇంకొకరు దయతలిస్తే తిరగడం నాకు చేతకాదు. తాటిపూడి జలాశయం దగ్గర పడవవాళ్లు ఉంటారు, అక్కడికి తీసుకెళ్లమని ఎవరో సలహా ఇచ్చారు. పరాయి పడవ ఎక్కడమూ నాకు చేతకాదు.

అందుకని ఒక పాత స్కూలు వ్యాను సంపాదించాను. సీట్లు పీకించి తమ్ముడికి మంచం బిగించాను. ఒక స్టవ్వు, దోమతెర, మందుల పెట్టె. పైన ఇనప క్యారియరు, దాని మీద పడవ. రెండు డయాలసిస్‌ల మధ్య దొరికే వ్యవధిలో తాటిపూడి వెళ్లి, ఒడ్డునే వ్యాను ఆపుకుని ఉండి, మళ్లీ మిషను వేళకి శ్రీకాకుళం చేరాలి. నేనే నడిపేవాణ్ణి. మా ఇంట్లో అంతకుముందు ఎవరూ స్టీరింగు పట్టలేదు. ఇంకొకళ్లు నడిపితే వెనక కూర్చున్నవాళ్లే అందరూ.

పడవని బోర్లా కట్టాలని అందరూ అనేవారు. మరదలైతే మొదటిసారే తాడు చేతిలో పట్టుకుని అడిగింది. "వానొస్తే నిండిపోతాది బావగారూ. బోర్లా ఏస్తే ఏటవుతాది?"

ఏమవుతుందో ఆమెకి తెలియదు. మగవాడు పోయినప్పుడే మా ఇంట్లో పడవని బోర్లిస్తారు. తాతగారు పోయినప్పుడు బోర్లించారు. నాన్న పోయినప్పుడు నేనూ తమ్ముడూ చెరో వైపు పట్టి బోర్లించాం. అదీకాక మా ఆస్తులు పోయాక ఊళ్లో మా గురించి వాడే మాట కూడా అదే, బోర్లా పడ్డారని. నేను వద్దని చెప్పేలోపే తమ్ముడు మంచం మీంచి నవ్వాడు. "నేనింకా కిందన బతికే ఉన్నాను గదేటే. అప్పుడే బోర్లించేస్తారా?"

ఆ తర్వాత ఆమె మళ్లీ అడగలేదు. పడవని వెల్లకిలానే కట్టి, పైన టార్పాలిన్ కప్పేది. లారీల ఇంటి పిల్ల కాబట్టి ముళ్లు ఆమే వేసేది.

అలా కొన్నిసార్లు వెళ్లొచ్చాం. దారిలో జనం వింతగా చూసేవారు. కోటబొమ్మాళి దగ్గర ఒక టీ కొట్టతను పడవ వంక తలెత్తి చూసి, "ఏటి బాబూ, సముద్దరం గానీ తప్పిపోనాదా? పడవేసుకుని ఎతుకుతన్నారు," అన్నాడు. నాకు ఒళ్లు మండింది. తమ్ముడు మాత్రం కిటికీలోంచి, "దొరికితే నీకో సెంబుడు అట్టుకొస్తాన్లే," అన్నాడు. ఆ రోజు వాటాలో తన టీ అప్పటికే అయిపోయింది. ఆ కొట్టతను పోసిన టీ గ్లాసు నా చేతిలో ఉంది. తాగలేక కింద పెట్టేశాను.

నేను చెబుతున్నది ఆఖరిసారి వెళ్లిన సంగతి. తాటిపూడిలో తమ్ముడు గాలం వేశాడు గాని చేప మీద ధ్యాస లేదు. అంచు మీంచి చెయ్యి నీళ్లలోకి వదిలేసి మణికట్టు దాకా ముంచుకుని కూర్చునేవాడు. తడి చెయ్యి పెదాల దగ్గరికి వస్తుందేమోనని నేను ఎదురుగా కూర్చుని కాపలా కాసేవాణ్ణి. ఒడ్డున నిలబడి మరదలూ చూస్తుండేది. వాడికి అది తెలుసు. ఎండిపోయి పగిలిన పెదాలతో ఒక్కొక్కప్పుడు మా ఇద్దరినీ చూసి నవ్వేవాడు.

తిరుగు ప్రయాణం నాటి మధ్యాహ్నం శృంగవరపుకోట దాటాక కొండల మీంచి గాలీ వానా కలిసి వచ్చాయి. టార్పాలిన్ ఎగిరిపోయింది. నేను ఆగలేదు, ఆగితే మిషను వేళ తప్పుతుంది. వాన పడవలోకి పడుతూనే ఉంది. విజయనగరం దాటేసరికి పడవ సగానికి పైగా నిండి, వ్యాను మలుపు తిరిగినప్పుడల్లా పైన నీళ్లు ఆ పక్కనించి ఈ పక్కకి కొట్టుకోవడం వినిపిస్తోంది. సరిగ్గా తమ్ముడి మంచం పైన.

"ఒసే, ఇంటన్నావా?" అన్నాడు వాడు పెళ్లాంతో. "బీల మన నెత్తి మీదికొచ్చీసినాది."

ఎండల్లో తిరిగి తిరిగి పడవ చెక్కల సందులు విడిపోయి ఉన్నాయి. అందులోంచి నీళ్లు కారి, క్యారియరు బోల్టులు బిగించిన చోట లోపలికి బొట్లు బొట్లుగా పడటం మొదలైంది. మరదలు ముందు తువ్వాలు అడ్డం పెట్టింది. తర్వాత వాడి తలగడ జరిపింది. బండి ఊపుకి నీళ్లు అటే వచ్చాయి. తారు వాసన, చేపల వాసన కలిసిన నీళ్లు. వాడు ఏమీ అడగలేదు. పడుతున్న బొట్టునే చూస్తూ పడుకున్నాడు.

నేను డ్రైవరు అద్దంలో చూస్తున్నాను. మరదలు తువ్వాలు తీసేసింది. బొట్లు పడేచోట అరచెయ్యి పట్టింది. అది నిండేదాకా ఆగి, వాడి తల కింద రెండో చెయ్యి పెట్టి లేపి, తాగించింది. మళ్లీ మళ్లీ పట్టింది. ఆమె ఏడవడం నేను అదే మొదటిసారి చూడటం.

అద్దాన్ని పక్కకి తిప్పేశాను. రోడ్డు చూసుకుంటూ నడిపాను.

రణస్థలం దాటాక వాడికి దగ్గు మొదలైంది. పడుకోలేకపోయాడు. మరదలు వెనక కూర్చుని తన ఒంటికి ఆనించుకుని కూర్చోబెట్టింది. వాడి ఊపిరిలో నీళ్ల చప్పుడు ముందు సీటుకి వినిపిస్తోంది. పైన బరువుకి వ్యాను ఊగుతోంది, వేగం అందుకోవడం లేదు. రోడ్డు పక్కన కాలవ వైపు ఒరిగేలా ఆపి, పైకెక్కి చాకుతో తాళ్లు కోసి, భుజంతో నెట్టేశాను. పడవ కాలవలోకి పడిపోయింది. ఎలా పడిందో చూడలేదు. దానికోసం తర్వాతా వెళ్లలేదు.

ఆసుపత్రి చేరేసరికి పొద్దు గుంకుతోంది. వాణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి లోపలికి పరుగెత్తించారు. డాక్టరు బయటికి వచ్చి ఇన్ని నీళ్లు ఎవరిచ్చారని అడిగాడు. మరదలు నోరు తెరిచింది. జాకెట్టు చెయ్యి మోచేతి దాకా ఇంకా తడిగానే ఉంది.

"నేనిచ్చాను," అన్నాను.

డాక్టరు నాకన్నా చాలా చిన్నవాడు. వరండాలో అందరూ వినేలా తిట్టాడు. చదువుకున్నవాడివి, సొంత తమ్ముణ్ణి చంపుకుంటావా అన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఎవరి ముందూ అలా నిలబడి ఎరగరు. నేను నిలబడ్డాను. ఆయనకి తిట్టడం అయిపోయేదాకా కదల్లేదు.

వాడు ఆ గండం గడిచి ఇంటికొచ్చాడు. వచ్చిన రోజునే మరదలు సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది. "నా సేతుల్ని నేను నమ్మలేను బావగారూ. ఇకన మీరే ఇవ్వండి," అంది.

అప్పటినుంచీ తమ్ముడి నీళ్లు నా దగ్గరే. వేళకి నేనే కొలిచి ఇచ్చేవాణ్ణి. వాడు తాగి గ్లాసు తిరిగి ఇచ్చేవాడు. ఆమెనైతే బతిమాలేవాడు, తిట్టేవాడు. నన్ను ఒక్కసారి కూడా అడగలేదు. మధ్యాహ్నాలు వాడి మంచం పక్కన కుర్చీలో కూర్చునేవాణ్ణి, సీసా ఒళ్లో పెట్టుకుని. ఒక్కమాట అడిగితే ఏం చెయ్యాలో నాకు తెలియదు. ఇస్తే పోతాడు, ఇవ్వకపోతే నేను బతికున్నంతకాలం అది మోయాలి. అయినా వాడు అడగాలనే ఉండేది నాకు. వాడు సీసా వైపు చూసేవాడు, నా మొహం వైపు చూసేవాడు, తర్వాత గోడ వైపు తిరిగి పడుకునేవాడు. వాడు ఉన్నన్నాళ్లూ అంతే.