‘కరెంటు బంద్’ డ్రమ్ములవాడు

దత్తాత్రి డ్రమ్ములు కొడితే కల్యాణ్ ఖాడీ నీళ్ళలో చేపలు ఎగిరి గట్టున పడేవని నార్పోలి నేత బస్తీలో ఇప్పటికీ చెబుతారు. నమ్మనివాళ్ళెవరంటే, ఆ చేపల పులుసు దక్కని దురదృష్టవంతులు. నలుగురు నేత కుర్రాళ్ళు, ఒక అరువు గిటారు, కావలసినంత పొగరు: అదీ ‘కరెంటు బంద్’ రాక్ బ్యాండు. కరెంటు పోయి సాంచాలు, అంటే మరమగ్గాలు, ఆగినప్పుడే సాధనకు వీలు దొరికేది కనుక ఆ పేరు.

పెళ్ళిళ్ళయ్యాక బ్యాండు చెదిరిపోయింది. పాటగాడు విఠల్ పక్కనున్న పూర్ణ ఊళ్ళో గోదాము సూపర్‌వైజరయ్యాడు. కీబోర్డు కిషన్ కరోనాలో పోయాడు. దత్తాత్రి సాంచాల మధ్యే మిగిలాడు. ఆ మోత అతని చెవుల్ని ఏడాదికింత చొప్పున తినేసింది. ఆ సంగతి భార్య పూనంకు తప్ప ఎవరికీ తెలియదు. ఎవరేమన్నా నవ్వుతూ “హౌ, హౌ” అని తలూపేవాడు. దాంతో ఎదురు చెప్పని మంచివాడని పేరు కూడా వచ్చింది.

ఈమధ్య విఠల్‌కు పాత పిచ్చి తిరగబెట్టింది. మిగిలిన ఇద్దరినీ కూడగట్టి, దగ్గర్లోని టెంఘర్‌లో ప్రదర్శనకు హాలు మాట్లాడాడు. దత్తాత్రి నేల మీద నిలవలేదు.

“మొదటి దెబ్బకే హాలు కప్పు లేస్తది. గొడుగులు తెచ్చుకోండ్రి!” అని సాంచాల షెడ్డంతా చాటాడు.

పూనం అతని చెవి దగ్గర నోరుపెట్టి అరిచింది. “పాట ఎప్పుడు అయిపోతదో నీకెట్ల ఎరుకైతది?”

“విఠల్ కాలు సూస్త. కాలు ఆగితే నేను ఆగుత. రిహార్సల్ల గట్లనే నెట్టుకొచ్చిన గదా.”

“విఠలన్నకు ఒక్క మాట జెప్పరాదు?”

“జెప్తే ఇంకొకన్ని పెట్టుకుంటడు. సాంచా సేటుది, ఉండే ఖోలీ కిరాయిది. గీ డ్రమ్ములొక్కటే నాయి, పూనం.”

ప్రదర్శన రాత్రి మొదటి పాటలు దుమ్ము రేపాయి. కప్పు లేవలేదుగానీ కొంచెం ఆలోచించినట్టే కనబడింది. తర్వాత కిషన్ కట్టిన పాట ఎత్తుకున్నారు. అప్పుడే ఎవడో హుషారైనవాడు పొగ మిషను తిప్పాడు. తెల్లటి పొగ నడుముల దాకా లేచింది. విఠల్ వీపు తప్ప దత్తాత్రికి ఏమీ కనబడలేదు. కాలు మాయమైంది.

పాట ముగిసింది, దత్తాత్రి చేతులు మాత్రం ఆగలేదు. విఠల్ మైకులో, “మా కిషన్ కోసం అందరు లేసి, ఒక్క నిమిషం సప్పుడు జెయ్యకుండ నిలవడుండ్రి,” అన్నాడు.

హాలంతా లేచి నిలబడింది.

పొగ మీదుగా దత్తాత్రికి కనబడింది అదొక్కటే. జనం లేచారు! తన దెబ్బకు లేచారు! ఒళ్ళు పులకరించి ఇంకా జోరు పెంచాడు. ముందు వరసలో కిషన్ తల్లి లక్ష్మవ్వ కళ్ళు మూసుకుని నిలబడి ఉంది. ఆమె మీద డ్రమ్ములు వడగళ్ళలా పడ్డాయి.

జనంలోంచి పూనం రెండు చేతులూ పైకెత్తి కిందికి నొక్కింది. సాంచా ఆపమని షెడ్డులో చేసే సైగ. దత్తాత్రి చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

విఠల్ అతని దగ్గరికొచ్చాడు. “ఏందిరా దత్తూ గిది? లక్ష్మవ్వ ముంగట?”

“హౌ, హౌ! సూసినవా, ఎట్ల లేసిండ్రో!”

విఠల్ అతని మీదికి వంగాడు. గొంతు తగ్గించి అడిగాడు. “నీకు ఇనవడ్తలేదా?”

“హౌ, హౌ,” అన్నాడు దత్తాత్రి నవ్వుతూ.

విఠల్ అతని చేతుల్లోంచి పుల్లలు తీసుకున్నాడు. మెచ్చుకోవడానికే అనుకుని దత్తాత్రి ఇచ్చేశాడు. పుల్లలు తిరిగి రాలేదు. తర్వాతి పాట మొదలైపోయిందని, అటు తిరిగిన విఠల్ భుజాలు ఊగడం చూశాక అతనికి తెలిసింది.