పుల్లీ మీద పచ్చ రంగు

ట్రక్కు దిగేసరికి ఎదురుగా శత్రువు ఫిరంగి తోపులు. నెత్తి మీదుగా గుండ్లు. మిర్యాలగూడలో చాయ్ తాగుతూ ఇరవై ఏండ్లు ఇట్లనే చెప్పిన. తోపుల్లేవు, గుండ్లు లేవు. మేం దిగింది సూర్యాపేట దాటినంక, హైవే పక్కన తుమ్మచెట్ల కింద. ఎనభైల చివర, మే నెల. నాలుగు టెంట్లు, ఆరు ట్రక్కులు, ఒక నీళ్ల ట్యాంకరు. ఆ దారిన పోయే మిలటరీ బండ్లు చెడిపోతే బాగుచేయాలి. నేను మెకానిక్ హవల్దారును.

సోమవారం పెద్దాఫీసరు తనిఖీ. మిలటరీలో తనిఖీ అంటే రంగు. రాళ్లకు సున్నం, చెట్లకు ఎర్ర జాజు, బండ్లకు పచ్చ పెయింటు. మూడో నంబరు ట్రక్కు పుల్లీ, అంటే ఇంజన్ ముందు ఫ్యాను బెల్టును తిప్పే చక్రం, విప్పి ఉంది. దానికీ పూసిన. లోపల షాఫ్టుకు ఆనుకునే మొహానికి కూడా పూసిన. అక్కడ పూయొద్దు. తెలుసు. ఆరినంక అట్లనే బిగించిన.

బుధవారం పొద్దున 10:20. కోదాడ దారి నుంచి వైర్‌లెస్‌లో ఆ ట్రక్కు డ్రైవరు. వాడిది నిడమనూరు, మా దిక్కే.

"అన్నా, పుల్లీ ఊగుతాంది. బెల్టు జారుతాంది. మెల్లగ తెస్తున్న. ఓవర్."

"దేన్ని గుద్దినవ్‌రా? ఓవర్."

"కుక్కను గూడ గుద్దలే. రేపు నాకు సెలవన్నా. బిడ్డ పుట్టి మూడు నెలలాయె, ఇంక మొహం సూడలే. నా మీదికి తేకు. ఓవర్."

11:30కు వచ్చిండు. ఇంజన్ నడుస్తుండగా పుల్లీ అంచు దగ్గర సుద్దముక్క కదలకుండా పట్టిన. ఒక పక్కనే గీత పడ్డది. ఊగుడు నిజమే. ఊగేది పుల్లీనా, షాఫ్టా? పుల్లీ విప్పి, షాఫ్టు కొసకు డయల్ గేజీ పెట్టి తిప్పితే తెలుస్తది. ముల్లు ఆడితే షాఫ్టు వంగినట్టు. అరగంట పని. రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. మా పై అధికారి సుబేదార్ నెత్తి మీద నిలబడ్డడు. ఆయనది హిందీ, తెలుగులో రాస్తున్న.

"ఏమైంది?"

"షాఫ్టు వంగింది సాబ్. ఎక్కడో గుద్దిండు."

"వీని సెలవు రద్దు. వీపుకు ఇసుక మూట కట్టు. ఉరికించు."

డ్రైవరు నా దిక్కు తిరిగిండు. "అన్నా, జర విప్పి సూడే."

"నాకు నేర్పుతున్నవా? ఉరుకు," అన్న. నవ్విన కూడా.

12:05కు పుల్లీ విప్పిన. గేజీ పెట్టి తిప్పిన. ముల్లు ఆడలేదు. షాఫ్టు సక్కగ ఉంది. పుల్లీ మొహం మీద నా పచ్చ రంగే ఒక పక్కకు కారి గడ్డకట్టింది, అందుకే పుల్లీ వంకరగ కూర్చున్నది. టెంట్ల అవతల వాని బూట్ల సప్పుడు వినబడుతనే ఉంది. సుబేదార్ ఇరవై అడుగుల దూరంలో ఉన్నడు. ఒక్క మాట చాలు. నేను రంగు గీకిన. పెట్రోలు గుడ్డతో తుడిచిన. మళ్లీ బిగించి, ఇంజన్ నడిపి, సుద్ద పట్టిన. గీత చుట్టూతా సమానం. 12:40. అవతల బూట్ల సప్పుడు ఆగిపోయింది.

"షాఫ్టు కొట్టి సరిచేసిన సాబ్," అన్న. వంగిన షాఫ్టు కొడితే సక్కగ కాదు. ఆయనకు తెల్వదు. భుజం తట్టిండు.

ఉరికి ఉరికి పడిపోయిన వాణ్ని అదే ట్రక్కులో సూర్యాపేట దవాఖానకు తీసుకపోయినం. దారిలోనే ఖతం. ఎండ దెబ్బ అని రాసిండ్రు.

వాని సెలవు నాకిచ్చిండ్రు. శుక్రవారం మిర్యాలగూడ బస్సెక్కిన. నిడమనూరు పోలేదు. ఇంటికాడ ఏం డ్యూటీ చేసినవని అడిగితే తోపుల కథ మొదలుపెట్టిన.

కథలో ఎన్ని గుండ్లు పేల్చినా ఆ ట్రక్కు కనిపిస్తనే ఉంటది. వాడు తెలివి తప్పి వెల్లకిల పడుకున్నడు. బూట్లు రెండూ రేకు మీద ఎడమ, కుడి, ఎడమ, కుడి. ఇంకా ఉరుకుతనే ఉన్నడు. ఆ కాళ్లు పట్టుకుని కూర్చున్నది నేనే.