ఎల్లారావు చిగుళ్ళు, బీరువాలో బెల్లం

విజయవాడ హోల్‌సేల్ చేపల మార్కెట్లో రోజూ పొద్దున్నే వేలంపాట పాడే ఎల్లారావుకి రెండు గొప్పలున్నాయి. ఒకటి, తన గొంతు మూడు వీధుల అవతలికి వినపడుతుంది. రెండు, యాభై ఎనిమిదేళ్ళొచ్చినా ముప్ఫై రెండు పళ్ళూ నోట్లోనే ఉన్నాయి. ఉన్నాయి, కాదనను. రెండు ఊగుతున్నాయి, తోముకుంటే బేసిన్ ఎర్రబడుతోంది, ఆయన పాట ఎత్తుకోగానే ముందు వరసలో వాళ్ళు ఒకడుగు వెనక్కి వేస్తున్నారు. అదంతా తనంటే భయమనుకున్నాడు మహానుభావుడు.

"దిండు మీద ఆ నెత్తురు మరకలేంటయ్యా? పళ్ళ డాక్టరుకి చూపించుకో" అని భార్య నాంచారమ్మ ఏడాదిగా మొత్తుకుంటోంది.

"పళ్ళ డాక్టరా! వాడికొచ్చిందల్లా పీకడమేనే" అని చిగుళ్ళకి చిటికెడు పొగాకు పొడి అద్దుకుని వెళ్ళిపోయేవాడు.

ఆయనకి షుగరుంది. మూడేళ్ళుగా మాత్రలు మింగుతున్నా దిగదు. ఎందుకు దిగుతుంది, నేరస్థురాలు ఇంట్లోనే ఉంటే! నాంచారమ్మ పులుసులో బెల్లం వేస్తోందని తీర్పు చెప్పేశాడు. ఆవిడ ఒట్టేసింది. నమ్మితేగా! బెల్లం డబ్బా బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి మొలతాడుకి కట్టుకున్నాడు. ఆ మూడేళ్ళూ పండక్కి కూడా ఆ ఇంట్లో పూర్ణం ఉడకలేదు. షుగరు మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఇంతలో మార్కెట్లో జెల్ల చేప ముల్లు కుడికాలి రెండో వేలికి దిగింది. పుండు పడింది. నెలైనా మానక, వేలు నల్లబడటం మొదలెట్టాక నాంచారమ్మ ఆయన్ని డాక్టర్ హేమ గారి దగ్గరికి లాక్కెళ్ళింది.

"మా ఆవిడ బెల్లం వేస్తోందండీ..." అని ఆయన ఫిర్యాదు మొదలెట్టగానే డాక్టరు గారు కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నారు.

"ఒకసారి నోరు తెరవండి."

"దెబ్బ కాలికండీ!"

"తెలుసు. తెరవండి."

చూశారు. "చిగుళ్ళ నిండా చీముంది. మాత్రలు షుగర్ని కిందికి లాగుతుంటే ఆ వాపు పైకి లాగుతోంది. షుగరు దిగకపోతే పుండు మానదు, మానకపోతే వేలు తీసేయాలి. రేపే చిగుళ్ళు బాగుచేయించుకోండి" అన్నారు.

అంత చదువుకున్నావిడ చెబితే వినాలా, వద్దా? రోడ్డెక్కగానే ఎల్లారావు నవ్వాడు. "కాలికి పుండైతే నోటికి వైద్యమంట! రేపు తలనొప్పంటే మోకాలికి కట్టు కడతారు." వెళ్ళలేదు. అసలు సంగతి, ముప్ఫై రెండు కాస్తా ముప్ఫై అవుతాయేమోనని హడలు. కాకరకాయ రసం తాగాడు, కొర్రన్నం తిన్నాడు, వేపాకు నూరి కట్టాడు. నోరు మాత్రం ఎవరికీ చూపించలేదు.

వేలు తీసేశారు. పళ్ళు దక్కించుకుందామని వేలు పోగొట్టుకున్న మొనగాణ్ణి నేనైతే ఈయన్నొక్కణ్ణే చూశాను.

పక్క వేలు కూడా ఎర్రబడేసరికి గవర్నర్‌పేటలో పళ్ళ డాక్టరు కుర్చీ ఎక్కాడు. నాలుగు దఫాలుగా చిగుళ్ళ కింద గారంతా గీకి, మందులిచ్చి, పొగాకు మాన్పించారు. పన్ను ఒక్కటీ పీకలేదు! మూడు నెలలకి రక్తపరీక్ష చేయిస్తే షుగరు దిగింది. పక్క వేలు నిలబడింది.

ఇక చూడండి! మార్కెట్లో కనపడినవాడినల్లా ఆపి, తనే కనిపెట్టినట్టు చిగుళ్ళ మీద ఉపన్యాసం. ఇంటికొచ్చి నాంచారమ్మకీ అదే మొదలెట్టాడు. ఆవిడ ఆసాంతం విని చెయ్యి చాపింది.

"తాళంచెవి ఇటియ్యి."

ఇచ్చాడు. ఆవిడ పూర్ణం బూరెలు వండింది. నాలుగు పళ్ళెంలో పెట్టుకుని, నెయ్యి పోసుకుని, ఆయనకెదురుగా కూర్చుని తినడం మొదలెట్టింది.

ఎల్లారావు గుటకలు మింగాడు. "నాకేదే?"

"మూడేళ్ళు నన్ను దొంగని చేశావు. తప్పయిందని ఒక్క మాట అను, సగం పెడతా."

మూడు వీధుల అవతలికి వినపడే ఆ గొంతు పెగల్లేదు. నాంచారమ్మ రెండో బూరె తుంచుకుంది.