ఉల్టా చొక్కా

2023 జూన్ నెల. కరీంనగర్‌లో బడులు తెరిచి అప్పటికి కొద్ది రోజులే అయింది. మా దుకాణం ఒక కాలనీలో గల్లీ మలుపు మీద ఉంటుంది. రెండు కుట్టు మిషన్లు, ఒక ఓవర్‌లాక్ మిషను, కటింగు బల్ల, గోడకు నిలువుటద్దం. మిగతా నెలలన్నీ జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడతాను, జూన్‌లో మాత్రం యూనిఫాంలే. ఆ నెల నేను మనిషిలా ఉండను. చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని గుండీలు కుడుతూ, కరెంటు పోతే తిట్టి, వస్తే ఆలస్యంగా వచ్చిందని మళ్లీ తిడుతుంటాను. తీరిగ్గా కూర్చున్నప్పుడు కూడా నా కుడికాలు, కింద మిషను పెడలు ఉన్నట్టే ఆడుతూ ఉంటుంది.

పనిలో నాకు పొగరు ఎక్కువ, దాచుకోవడం దేనికి? నాకు కుట్టు నేర్పింది ఖాజా మాస్టరు. "సిలాయి కనబడొద్దు బిడ్డా. కనబడిందంటే దర్జీ ఓడిండన్నట్టే" అనేవాడు, సిలాయి అంటే కుట్టు. ముప్పై ఏళ్లుగా ఆ మాట పట్టుకునే బతికాను. నా చేతి చొక్కాను తిరగేసి చూపించినా ఒక్క పోగు బయటికి కనబడదు. ఆ పొగరు అణిచింది నాలుగున్నరేళ్ల పిల్ల.

బుధవారం పొద్దున లావణ్య వచ్చింది. మా వెనక గల్లీలోనే ఉంటారు, మొగుడు శ్రీకాంత్ బైకులు రిపేరు చేస్తాడు. చేతిలో బడివాళ్లు ఇచ్చిన యూనిఫాం కవరు, వెనక కూతురు అక్షిత. పిల్ల గడప దాటలేదు. లోపల ఓవర్‌లాక్ నడుస్తోంది. బట్ట అంచులను కత్తిరిస్తూ, పోగులు ఊడకుండా అల్లే మిషను అది, చప్పుడు ఎక్కువ. అక్షిత రెండు చేతులతో చెవులు మూసుకుని, కళ్లు చికిలించి బయటే నిలబడింది. నేను విసుక్కుంటూనే మిషను ఆపాను.

"సుగుణక్కా, పిల్ల యూనిఫాం ఏసుకుంటలేదు. జర చూడరాదు" అంది లావణ్య. "దానికి చప్పుడు పడది, కొత్త బట్ట పడది, తడి చేయి తాకినా ఏడుస్తది. డాక్టరుకు చూపెట్టినం. కొందరు పిల్లలకు మనకు తెల్వనియి కూడా ఒంటికి ఎక్కువ తెలుస్తయట. మెల్లమెల్లగ అలవాటైతదన్నడు. గని బడోళ్లు సోమవారం దాకనే ఆగుతమన్నరు, తర్వాత యూనిఫాం లేకుంటే రానియ్యరట. ఆయనేమో, ఈ ఏడు బడే వద్దు, ఇంట్లనే ఉండనీ అంటుండు."

"బడికి పోవుడు ఇష్టం లేదేమోనే దానికి" అన్నాను.

గడప అవతలి నుంచి అక్షితే జవాబు చెప్పింది. "పోత. బడిల చేపలున్నయి."

బడి లోపల అడుగుపెట్టగానే పెద్ద చేపల తొట్టి ఉందట. నాలుగు రోజులు మామూలు బనీనులో పోయి, ఆ తొట్టి ముందు నిలబడి వచ్చిందట. రోజూ పొద్దున బ్యాగు తగిలించుకుని తయారుగా ఉంటుందని, చొక్కా చూపించగానే మంచం కింద దూరుతుందని లావణ్య చెప్పింది.

మిషను ఆగాక పిల్ల లోపలికి వచ్చి, నా కటింగు బల్ల వెనక గోడకున్న ఫోటో ముందు నిలబడింది. అది మా అమ్మాయి రూతు ఫోటో. ఐదేళ్లప్పుడు క్రిస్మస్‌కు నేను కుట్టిన గులాబీ రంగు నెట్టు ఫ్రాకు వేసి, చర్చి మెట్ల మీద నిలబెట్టి తీయించాను. మెడకు లేసు, చేతులకు జరీ, కింద మూడు వరసల కుచ్చులు. ఆ ఫోటో చూసి "గసొంటిదే కావాలె" అని అడిగినవాళ్లు ఎందరో. అదే నా దుకాణానికి బోర్డు అనుకోండి.

అక్షిత దాన్ని చాలాసేపు చూసి, "గా అక్కకు గుచ్చుతుంది" అంది.

నేను నవ్వేశాను. "ఎంత ముద్దుగున్నదో చూడే! గంత మంచి ఫ్రాకు గుచ్చుతదా?" అన్నాను. 

బడి యూనిఫాం తిరగేసి చూశాను. మెడ వెనక గరుకు లేబులు, లోపలంతా ఓవర్‌లాక్ అల్లిక. ఇంతేనా అనుకున్నాను. అదే గళ్ల బట్ట తెచ్చి కొత్త చొక్కా కత్తిరించాను. లోపల ఫ్రెంచ్ సీమ్ వేశాను. అంటే ముందు ఒక కుట్టు వేసి, అంచు సన్నగా కత్తిరించి, తిరగేసి మళ్లీ ఇంకో కుట్టు వేస్తాం. పోగులన్నీ మడత లోపల దాక్కుంటాయి. ఖరీదైన బట్టలకు వేసే కుట్టు అది. గురువారం సాయంత్రం లావణ్య చేతికిస్తూ, "గిది గూడ గుచ్చిందంటే నా పేరు మార్చుకుంట" అన్నాను.

శుక్రవారం పొద్దునే చొక్కా తిరిగి వచ్చింది. ఒక చేయి దూర్చగానే పిల్ల ఊపిరి బిగబట్టి ఏడ్చిందట.

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు, నా కుట్టులో తప్పుందని నాకు తోచనే లేదు. ఇంకా మెత్తగా చేద్దామని లావణ్య పాత నూలు చీర ముక్క తెప్పించి, లోపలంతా లైనింగు వేశాను. దానికీ ఫ్రెంచ్ సీమే. అవతల ముప్పై యూనిఫాంలు నా కోసం ఎదురుచూస్తున్నాయి, ఇవతల నేను ఈ ఒక్క చొక్కా పట్టుకుని కూర్చున్నాను. మా ఆయన చూసి చూసి, "కందకు లేని దురద కత్తిపీటకెందుకే?" అన్నాడు. "ఈడ కందకూ దురదనే, కత్తిపీటకూ దురదనే" అన్నాను. ఆ రెండు రోజులు ఎవరు పలకరించినా కరిచినట్టే మాట్లాడాను.

శనివారం రెండో చొక్కా కూడా తిరిగి వచ్చింది. నాకు ఒళ్లు మండింది. "నువ్వే గారాబం చేసి చెడగొడుతున్నవ్. రెండు తగిలిస్తే అదే ఏసుకుంటది" అనేశాను.

లావణ్య చొక్కాను బల్ల మీద పెట్టి మెల్లగా మడిచింది. "కొట్టినక్కా," అంది. "రెండు సార్లు కొట్టిన. దెబ్బకు ఏడ్వలే. చొక్కాకే ఏడ్సింది."

ఆ మాట నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. ఆదివారం చర్చిలో పాట నడుస్తుంటే కూడా నా కాలు బెంచీ కింద ఆడుతూనే ఉంది. ప్రార్థన అయిపోగానే ఇంటికి పోకుండా, ఆ చీర మీదే నేరుగా వాళ్లింటికి పోయాను.

రెండు గదుల ఇల్లు. తలుపు తీసిన లావణ్య, "అక్కా, చెప్పులు జర మెల్లగ ఇడువు" అంది. లోపల టీవీ నడుస్తోంది గానీ చప్పుడు లేదు. శ్రీకాంత్ బొమ్మలు చూస్తూనే క్రికెట్టు అర్థం చేసుకుంటున్నాడు. గ్యాసు పొయ్యిని వంటింట్లోంచి తీసి వెనక రేకుల కిందికి మార్చారు, కుక్కరు కూత దూరంగా ఉండాలని. కాసేపటికి లావణ్య అక్కడి నుంచే, "అక్షితా, మిక్సీ ఏస్తున్న. పది అంకెలు" అని కేక వేసింది. పిల్ల చెవులు మూసుకుని పది దాకా లెక్కపెట్టింది. పదికి మిక్సీ ఆగింది. పచ్చడి ఇంకా నలగలేదు. మళ్లీ చెప్పి మళ్లీ పది. ఆ ఇంట్లో పచ్చడి నూరడమంటే అంత పని.

పళ్లెంలో అన్నం ఒకవైపు, పెరుగు వేరే గిన్నెలో. రెండూ కలిస్తే పిల్ల ముట్టదట. శ్రీకాంత్ తల్లి, అంటే అక్షిత బాపమ్మ, నాకు మంచినీళ్లు ఇస్తూ మొర పెట్టుకుంది. "మేం ఐదుగురిని పెంచినం బిడ్డా, గిసొంటియి చూడలే. తల దువ్వుదామంటే పరేషాన్, గోర్లు తీద్దామంటే పరేషాన్." అంటూనే, పిల్ల తలలో దువ్వెనకు బదులు తన వేళ్లు పెట్టి, చిక్కులు ఒక్కొక్కటీ విడదీస్తోంది. ముసలామె మాట ఒకటి, చేయి ఒకటి.

అప్పుడు చూశాను. అక్షిత ఒంటి మీది బనీను తిరగేసి ఉంది. కుట్లన్నీ బయటికి, మెడ దగ్గరి లేబులు కూడా బయటే వేలాడుతోంది. నా చూపు పట్టుకుని లావణ్య సిగ్గుపడిపోయింది. "ఎన్నిసార్లు చెప్పినా ఇంట్ల ఉల్టానే ఏసుకుంటదక్కా. బయటికి పోయేటప్పుడు నేనే సీదా చేస్త. పాతబడి మెత్తగైంది గదా, గట్లనే ఓర్చుకుంటది. నలుగురు చూస్తే ఏమనుకుంటరు?"

నేను పిల్ల ముందు నేల మీద కూర్చున్నాను. పొద్దున చర్చికి బయలుదేరేటప్పుడే సంచిలో వేసుకున్న రెండో చొక్కా తీశాను. దాన్ని చూడగానే పిల్ల గోడకు జరిగింది. "ఏసుకోకు. నాకు చెప్పు చాలు. ఎక్కడ గుచ్చుతుంది?" అని అడిగాను. నిజం చెప్పాలంటే, ఆ పిల్లను ఆ మాట నేరుగా అడగడం అదే మొదటిసారి. అంతకుముందు ఎన్ని అడిగినా వాళ్లమ్మనే అడిగాను.

అక్షిత కాసేపు ఆలోచించి, నా చూపుడు వేలు పట్టుకుని చొక్కా లోపలికి పెట్టింది. చంక కింది కుట్టు మీద నొక్కింది. "గిక్కడ చీమలు," అంది. భుజం మీదికి జరిపింది. "గిక్కడ గూడ."

వేలి కింద గట్టిగా, తాడులాగా తగిలింది నా ఫ్రెంచ్ సీమ్. పోగులు దాచడానికి మడత మీద మడత వేశాను, పైగా లైనింగు మడత. అందంగా దాచానని మురిసిన ప్రతిచోటా ఆ పిల్ల ఒంటికి ఒక గట్టు కట్టాను. ఎంత బాగా కుడితే అంత బాధ పెట్టాను. దానికి మందేమిటో ఆ పిల్ల ఎప్పుడో కనిపెట్టి, రోజూ ఇంట్లో అందరి కళ్ల ముందూ తొడుక్కుని తిరుగుతోంది. మేమంతా దాన్ని సీదా చేస్తూ కూర్చున్నాం.

ఆదివారం నేను మిషను ముట్టను. ఆ రోజు ముట్టాను. దేవుడు అర్థం చేసుకుంటాడనుకున్నాను, మా ఆయనే అర్థం చేసుకోలేదు. గళ్ల బట్టను కొత్త బిరుసు పోయేదాకా మూడుసార్లు ఉతికి ఆరేశాను. కత్తిరించి, కుట్లన్నీ బయటివైపు తిప్పాను. చేతులు ఆగిపోతుంటే ఖాజా మాస్టరును తలచుకుని, క్షమించు మాస్టరూ అనుకున్నాను. బయటికి వచ్చిన అంచులను ఇస్త్రీతో అణిచి, వాటి మీద నీలం రంగు సన్న పట్టీ పెట్టి నూలు దారంతో కుట్టాను. పైనుంచి చూస్తే కావాలని పెట్టిన పైపింగులాగా ఉంది. దారం ముడులు కూడా లోపల లేకుండా బయటే వేశాను.

సాయంత్రం తీసుకుపోయాను. అక్షిత ముందు చొక్కా లోపల చేయి పెట్టి నలుమూలలా తడిమింది. చంక దగ్గర, భుజం దగ్గర, మెడ దగ్గర.  శ్రీకాంత్ లేచి నిలబడ్డాడు. పిల్ల ఒక చేయి దూర్చి ఆగింది. రెండో చేయి దూర్చింది. తర్వాత మమ్మల్నెవరినీ పట్టించుకోకుండా పోయి బ్యాగు తెచ్చుకుంది.

"గియ్యాల ఆదివారమే" అన్నాడు శ్రీకాంత్. 

అన్నీ ఒక్క రోజులో తీరిపోలేదు. సోమవారం మధ్యాహ్నం లావణ్య ఫోను చేసింది. పిల్ల అన్నం బెల్లు దాకా చొక్కా ఉంచుకుందట, తర్వాత బనీనులోకి మారిందట. టై కట్టనివ్వలేదు. సాక్సులు తిరగేసి వేసుకుంది. టీచరు చొక్కా చూసి, "కొత్త డిజైనా?" అని అడిగి ఊరుకుందట. "బడోళ్లు రావద్దన్న మాట మళ్ల తియ్యలేదక్కా. ఆయన గూడ సప్పుడు చేస్తలేడు" అంది లావణ్య. 

ఫోను పెట్టి తలెత్తితే ఎదురుగా రూతు ఫోటో. ఇన్నేళ్లూ దాన్ని ఫ్రాకు కోసమే చూశాను. అందులో మా అమ్మాయి చేయి మెడ దగ్గర లేసును పట్టుకుని లాగుతోంది. కళ్ల కింద తడి. ఎండ కళ్లలో పడిందని అందరికీ చెప్పేదాన్ని. నిజమేమిటో నాకు తెలుసు. ఫ్రాకు విప్పేస్తానని ఏడిస్తే చెంప మీద ఒకటి కొట్టి, పౌడరు రాసి, మెట్ల మీద నిలబెట్టాను. పండుగ పూట నా పనితనం పదిమందీ చూడాలని నా తాపత్రయం.

రూతు ఇప్పుడు నిర్మల్‌లో నర్సు. అప్పటికప్పుడు ఫోను చేశాను.

"గా గులాబి ఫ్రాకు యాదికున్నదానే?"

"దుకాణంల ఫోటోదా?"

"ఔ. గది గుచ్చిందా నీకు?"

 మామూలు గొంతుతోనే అంది, "ఆ రోజే చెప్పిన గదమ్మా. నువ్వు వినలే."

ఇంట గెలిచి రచ్చ గెలవమంటారు. నేను రచ్చ గెలిచి ఇరవై ఏళ్లు దాటాక ఇంటి సంగతి అడిగాను. దుకాణం షట్టరు సగం దించి, కరువు తీరా ఏడ్చాను.

అప్పటి నుంచి చిన్నపిల్లలు వస్తే, టేపు తీయకముందే నేను పిల్లలతో మాట్లాడతాను. ఎక్కడ గుచ్చుతుంది, ఎక్కడ బిగుతు, ఏ బట్ట తాకితే ఒళ్లు జలదరిస్తుంది అని. జూన్ రద్దీలో తల్లులు గొణుగుతారు. "గంత చిన్న పోరికేం తెలుస్తదక్కా?" అంటారు. ఛాతీ, నడుము, పొడవు నేను కొలుచుకోగలను. ఇది మాత్రం పిల్ల చెబితేనే తెలుస్తుందని వాళ్లకు చెబుతాను.

ఆ ఏడు క్రిస్మస్‌కు రూతు వచ్చింది. తనకు చెప్పకుండా ఒక నూలు జాకెట్టు కుట్టి ఉంచాను, కుట్లన్నీ బయటికి, మీద సన్న పట్టీ. తొడుక్కుని అద్దం ముందు చేతులు పైకెత్తింది, దించింది, మెడ ఇటూ అటూ తిప్పింది. నా కుడికాలు ఆడుతూనే ఉంది.

"ఎట్లున్నదే?" అన్నాను.

"ఒంటికి ఏం తెలుస్తలేదమ్మా," అంది.