మరమ్మతులో ఉన్న వయొలిన్

గత ఆదివారం మధ్యాహ్నం బ్రెమెన్‌లో ఒక బడి ఆటల హాల్లో ఉన్నవారు, ఉన్నవి: మడతకుర్చీల్లో తల్లిదండ్రులు, గోడవైపు జరిపిన బాస్కెట్‌బాల్ స్తంభం, కేకుల బల్ల, రెండు కాఫీ ఫ్లాస్కులు, వేదిక మీద పిల్లల ఆర్కెస్ట్రా, ఆఖరి వరుసలో నేను. వయొలిన్లలో మొదటి కుర్చీ మా తెలుగమ్మాయిది, పదిహేడేళ్లు. ఆమె కమాను ఎత్తగానే మిగతా వాళ్లంతా ఎత్తారు. అది చూసి నాకు గర్వం కలిగిందని రాయగలిగితే బాగుండేది, కానీ కలిగింది అసూయ. అదీ కొత్తది కాదు, ఐదేళ్ల నాటిది.

అప్పుడు నేను ఇక్కడ మాస్టర్స్ చదువుతూ, మంగళవారం సాయంత్రాలు ఈ ఆర్కెస్ట్రా వాయిద్యాల గదిలో పనిచేసేవాణ్ణి. చాలీచాలని జీతాల ఇళ్ల పిల్లలకు, ఈ దేశానికి కొత్తగా వచ్చిన వాళ్ల పిల్లలకు వయొలిన్ అరువిచ్చి పాఠం ఉచితంగా చెప్పే చోటు అది. పిల్లల వయొలిన్లకు చొక్కాల్లాగే సైజులుంటాయి: పావు, అర, ముప్పావు, పూర్తి. ఎడమ చెయ్యి చాపమని, మెడ నుంచి అరచేతి నడిమి దాకా టేపు పెట్టి కొలిచి, పట్టికలో రాయడం నా పని. చెయ్యి పెరిగిన పిల్ల తన వయొలిన్ ఇచ్చేసి పెద్దది తీసుకుంటుంది, ఆమె ఇచ్చింది ఇంకొకరికి, వాళ్లు ఇచ్చింది ఇంకా చిన్నవాళ్లకు వెళ్తుంది. గడులన్నీ సరిగ్గా నిండే ఆ పట్టికను చూస్తే నాలాంటి ఇంజనీరుకు కడుపు నిండాలి. నాకు మాత్రం మండేది.

ఎందుకంటే కరీంనగర్‌లో మా బడి టైంటేబుల్లో కూడా శనివారం ఆఖరి పీరియడు సంగీతం అని రాసి ఉండేది, నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు, ఆ పీరియడుకు లెక్కల సారు స్లిప్ టెస్టు కాగితాలతో వచ్చేవారు. బడి హార్మోనియం పంద్రాగస్టు నాడు బయటికి వచ్చి, జెండా వందనం కాగానే హెడ్మాస్టరు గది బీరువాలోకి వెళ్లిపోయేది. దాని తాళంచెవి అడగొచ్చని మాలో ఎవరికీ తోచలేదు. ఇక్కడేమో ఒకడు వయొలిన్ పెట్టె మెట్ల మీద జారవిడిచి, మెడ విరిగిన వయొలిన్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఇంకోటి ఇమ్మని నిలబడ్డాడు. ఇచ్చాం. ఇరవై నాలుగేళ్ల వాణ్ణి, తొమ్మిదేళ్ల పిల్లవాడి చెయ్యి కొలుస్తూ, నా చెయ్యి ఆ వయసులో ఎంత ఉండేదో ఎవరికీ తెలియదు కదా అనుకునేవాణ్ణి.

ఒక మంగళవారం ఎవరో పెద్దావిడ ఇంటి నుంచి పూర్తి సైజు వయొలిన్ ఒకటి దానంగా వచ్చింది. దాని కోసం ఎదురుచూస్తున్నది ఈ అమ్మాయే, ఇక్కడి ఇండియన్ రెస్టారెంటులో వంట చేసే నిజామాబాద్ ఆయన కూతురు, అప్పటికి పన్నెండేళ్లు. గడిలో ఆమె పేరు రాయాలి. నేను మరమ్మతు అని రాసి, వయొలిన్‌ను నా గదికి తెచ్చుకున్నాను.

ఫోన్లో పాఠాలు చూస్తూ సాయంత్రాలు సాధన చేసేవాణ్ణి. టోలీచౌకీ నుంచి వచ్చిన మా రూమ్మేటు రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు తలుపు తీశాడు.

“భాయ్, పిల్లిని పట్టుకొని పిండుతున్నవా ఏంది? ఇడిసిపెట్టు పాపం, దానికి పిల్లలుంటయి.”

నాకు వచ్చింది సరళీ వరుసల్లో మొదటిది, అదీ మధ్యమం దగ్గర తప్పుతూ. అక్కడ ఆ అమ్మాయి వేళ్లు ముప్పావు వయొలిన్ మీద ఒకదానిమీదొకటి ఎక్కుతుంటే, స్వరాలు తప్పుతున్నాయని టీచరు ఆమెను చివరి కుర్చీకి మార్చింది. ఆ ముప్పావు కోసం ఒక పిల్లవాడు, అతని అర కోసం ఇంకొకడు, వాడి పావు కోసం ఏడేళ్ల చిన్నపిల్ల ఒకతె ఆగారు. ఆ చిన్నది చెప్పుల డబ్బాకు స్కేలు అంటించిన ఉత్తుత్తి వయొలిన్ చంకన పెట్టుకుని వచ్చేది. ఐదో వారం పట్టిక సరిచూస్తుంటే ఈ వరుసంతా నా కళ్లకే కనబడింది. అయినా ఇవ్వబుద్ధి కాలేదు. వాళ్లు ఇంకో నెల ఆగితే ఏం పోయింది, నేను పదేళ్లు ఆగలేదా అనుకున్నాను.

ఏడో వారం అమ్మాయి తల్లి నా బల్ల దగ్గర నిలబడింది.

“తమ్మీ, ఆ రిపేరు చేసెటాయన ఏడుంటడో చెప్పు, నేనే పోయి అడుగుత. టెర్మిన్ కావాల్నా, ముందుగాల టైం తీస్కోవాల్నా? మా ఆయనైతే బిర్యానీ కట్టిస్తనంటున్నడు ఆయనకు.”

ఈ వారం వచ్చేస్తుందక్కా అన్నాను. మరుసటి మంగళవారం తెచ్చి, మరమ్మతు పూర్తి అని రాశాను. గంటలో ముగ్గురి వయొలిన్లు మారాయి, పావు వయొలిన్ బల్ల మీద మిగిలింది. చిన్నపిల్ల తల్లి అంతకు ముందు వారమే వచ్చి, డబ్బా పట్టుకుని వెళ్లడానికి పిల్ల సిగ్గుపడుతోందని, ఈతలో చేర్చామని టీచరుతో చెప్పి పేరు తీయించుకు వెళ్లిందట. ఆ తర్వాతి వారం బిర్యానీ డబ్బా నిజంగానే వచ్చింది. మూత తీయకుండానే తెచ్చి మా వంటగదిలో పెట్టాను.

“మాషా అల్లా! రిపేరాయనకు నా సలాం చెప్పు భాయ్,” అంటూ రూమ్మేటే తిన్నాడు.

మొన్న కచేరీ అయ్యాక ఆ తల్లి నన్ను గుర్తుపట్టి, కూతుర్ని చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

“గీ మామనే నీకు ఆ వయొలిన్ ఇప్పిచ్చింది, యాదికుందా?”

అమ్మాయి జర్మన్‌లో, తెలుసు అంది. నవ్వలేదు. ఏం తెలుసో నేను అడగలేదు.

ఇప్పుడు వాయిద్యాల గదిలో అంతా కంప్యూటరు, ఫొటో పెట్టందే మరమ్మతు అని రాయడం కుదరదట. నాకూ మంచి ఉద్యోగం ఉంది, సొంత వయొలిన్ ఉంది, గురువారాలు పాఠానికి వెళ్తాను, మధ్యమం కుదిరింది. కానీ ఎనిమిదో ఏట చెయ్యి చాపమని అడిగించుకున్న వాళ్లను చూస్తే ఇప్పటికీ కుళ్లుకుంటాను, అది ఏ జీతంతోనూ కొనుక్కోలేనని తెలిసి ఇంకా ఎక్కువగా కుళ్లుకుంటాను. పాత పట్టికలు ఆ గదిలోనే ఫైల్లో ఉన్నాయి, అడిగి చూశాను, నా చేతిరాతే. ఆ ఏడాది కొత్తగా చేరిన పిల్లలు పదకొండు మంది. వయొలిన్ అందుకున్నవాళ్లు పది మంది.