బావకు చెప్పిన జపాన్ బొమ్మల కథలు

జపాన్ వాళ్ల బొమ్మల సీరియళ్ల సంగతిలో మార్కాపురం మొత్తానికి నన్ను మించిన పెద్దమనిషి లేడు. యానిమే అంటారు వాటిని. ఏది చూడాలో, ఏది వదిలేయాలో నన్ను అడక్కుండా జనం ఫోను ముట్టుకోరు. కొట్లాట కోరేవాడికి కొట్లాట, ఇనుప మరమనుషులు కోరేవాడికి మరమనుషులు, ప్రేమా వేళాకోళమూ కోరేవాడికి అవి. మనిషి ముఖం చూసి చెప్పేస్తాను.

జనం అన్నాను కదా, ఆ జనం ఒక్కడే. గిద్దలూరులో ఉండే మా బావ, మా అక్క మొగుడు. ఆయన కూడా అడగలేదు, నేనే వెంటపడి చెప్పాను. వందల సీరియళ్లు చూశానని ఆయన దగ్గర కోతలు కోశాను. నిజానికి మొదటి నుంచి చివరిదాకా చూసింది ఒక్కటంటే ఒక్కటి. దాన్ని కూడా వెతుక్కుని చూడలేదు. పలకల ఫ్యాక్టరీలో పని మానేశాక సాయంత్రాలు పొడుగైపోయాయి. నా భార్య పోయి చాలా కాలమైంది, పిల్లలు లేరు. టీవీలో అత్తాకోడళ్లు ఏడుస్తుంటే నాకు అన్నం దిగేది కాదు. ఒకనాడు ఫోనులో వేలు ఎక్కడో తగిలి, జుట్టు నిక్కబొడుచుకున్న బొమ్మ కుర్రాడొకడు తెలుగులో అరవడం మొదలుపెట్టాడు. ఇంట్లో ఇంకో గొంతు వినబడుతోంది కదా అని ఆపలేదు. నా పాండిత్యమంతా అదే.

మా అక్క పోయినేడు పోయింది. బావకూ నాకూ మాటలు కరువవుతాయని అంతవరకూ నేను కలలో కూడా అనుకోలేదు. బావ లారీ డ్రైవరు. నల్లమల ఘాట్ ఎక్కి దిగి నంద్యాలకూ, ఇటు గుంటూరుకూ తోలి తోలి ముసలివాడైనవాడు. నేను గడపలో కాలు పెట్టగానే మొదలుపెట్టేవాడు.

"వచ్చినాడమ్మా పలకల పిండి! కాళ్లు కడుక్కోరా, ఇల్లంతా బూడిదైతది."

"నీ లారీ పొగ కంటే నయమేలే బావా."

మా అక్క మధ్యలో నిలబడి, "ఏందయ్యా మీరు, ఇరుగుపొరుగు వింటే ఏమనుకుంటారు" అని ఇద్దరినీ కలిపి తిట్టేది. మేము ఒకరినొకరు తిట్టుకున్నది ఆమె చేత తిట్టించుకోవడానికేనని ఆమె పోయాకే తెలిసింది. ఆమె లేని ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే నేను పలకల పిండినీ కాను, ఆయన లారీ పొగా కాడు. ఇద్దరు ముసలివాళ్లం. "తిన్నావా?" "తిన్నా." "రైల్లో జనం ఉన్నారా?" "ఉన్నారు." అంతటితో సరి.

ఏడాది తిరిగాక జ్ఞాపకార్థ ప్రార్థన కూడా అయిపోయింది. భోజనాల దగ్గర మా దూరపు చుట్టం ఒకాయన చేయి కడుక్కుంటూ, "ఇంకేముందిలే, అక్క ఉన్నంతవరకే బావ" అన్నాడు. ఊరికే అన్నాడు. కానీ తిరుగు రైలులో ఆ మాట నా పక్కనే కూర్చుంది. కంభం దాటాక ఒక సంగతి తట్టింది. నన్ను 'ఒరే' అని పిలిచే మనిషి ఇక ఆయనొక్కడే. ఆయనతో మాట్లాడడానికి నా దగ్గర ఏ సరుకూ లేదు. సరుకు లేకుండా ఎన్నాళ్లు పోతాను? ఇంకొన్నాళ్లకు ఆ ఇంటికి వెళ్లడానికి కారణమే ఉండదు.

తర్వాతి ఆదివారం బావ చర్చి నుంచి వచ్చి మంచం మీద కూర్చోగానే ఫోను తీశాను.

"ఇది చూడు బావా. జపానోళ్లది. లోకమంతా దీని మీద పడి చస్తన్నారు."

"బొమ్మలా? నేనేమన్నా పాలు తాగే పిల్లోణ్ణా?"

"పెద్దోళ్ల బొమ్మలే. నేను వందలు చూసినా. నీకు తగింది ఏరి తెచ్చినా."

అది నాకు తెలిసిన ఆ ఒక్క కొట్లాట సీరియలే. బావ కళ్లద్దాలు పైకి తోసుకుని కాసేపు చూశాడు.

"వీడు కొట్టే ముందు ఆ దెబ్బ పేరు అరుస్తాడేందిరా? అవతలోడు తప్పుకోడూ?"

"అది వాళ్ల మర్యాద బావా."

"మర్యాదంట! నేను ఘాట్లో 'దాటుకొని పోతన్నానో' అని అరిచి దాటినానా?"

"హారన్ కొట్టినావు గదా. ఇదీ అంతే."

బావ నా వైపు చూశాడు. ఏడాదిలో మొదటిసారి ఆయన పెదవి నవ్వుతో ఒక పక్కకు పోయింది. నేను గెలిచాననుకున్నాను. వారం తిరిగేసరికి ఆయన తన ఫోనులో అంతా చూసేశాడు. "ఏడుపు ఎక్కువ నాయాలికి. కానీ స్నేహితుణ్ణి ఇడిసిపెట్టడు" అన్నాడు. కొత్తవాళ్లకు ఎవరికైనా మొదట కొట్లాట సీరియలే చెప్పాలని నా అభిప్రాయం. తనకేం కావాలో హీరో మొదట్లోనే గొంతు చించుకుని చెప్పేస్తాడు. మాటలు అడుగంటిన ఇంటికి ఆ అరుపు మంచిది.

రెండోది మరమనిషి కథ. కొండంత ఇనుప మనిషి, దాని రొమ్ము లోపల కూర్చుని దాన్ని తోలే ఒక ఆడపిల్ల. నేను సగం చూసి నిద్రపోయాను. బావ మాత్రం నిద్రపోలేదు. రోజూ ఫోను.

"ఒరే, దీని మోకాలికి గ్రీజు ఎవడు కొడతాడ్రా?"

"మెకానిక్కులు ఉంటారు బావా."

"ఏడున్నారు? ఏడో భాగం దాకా చూసినా, ఒక్కడు కనపళ్లేదు."

"ఎనిమిదో దాంట్లో వస్తారు."

ఎనిమిదో భాగం నేను చూస్తే కదా! మరునాడు మళ్లీ ఫోను. "రాలేదురా." "తొమ్మిదిలో వస్తాడులే." తొమ్మిదిలోనూ రాలేదట. నా అదృష్టం బాగుండి తర్వాతెప్పుడో ఒక ముసలి మెకానిక్కు వచ్చాడు. ఆ సాయంత్రం బావ గొంతు పాత గొంతు. "వచ్చినాడ్రా! స్పానర్ పట్టుకోవడం కూడా రాదు ఎదవకి." తర్వాత అన్నాడు, "ఆ పిల్ల క్యాబిన్లో ఒక్కతే కూచుంటది రా. క్లీనరన్నా లేకపాయె." యంత్రంతో బతికినవాళ్లకు మరమనిషి కథలు చెప్పాలి. బేరింగులు వెతుకుతూ వెతుకుతూ చివరికి లోపలి మనిషి దగ్గర ఆగుతారు.

అక్కడితో నేనూ ఆగాల్సింది. బావను గట్టిగా నవ్వించాలని ఆశ పుట్టింది. ప్రేమా వేళాకోళమూ కలిసిన సీరియల్ ఒకటి ఫోనులో కనబడింది. బడి బట్టల్లో ఒక పిల్ల, చెవులు ఎర్రబడ్డ ఒక పిల్లవాడు. ఆ బొమ్మ తప్ప లోపలిది ఏమీ చూడలేదు.

"ఇది చూస్తే నవ్వి నవ్వి పొట్ట పట్టుకుంటావు బావా. నేను రెండుసార్లు చూసినా."

"ఈ వయసులో నాకు ప్రేమేందిరా?"

"నీకు గాదు, వాళ్లకి."

మొదటి రోజులు బాగానే నడిచాయి. "ఒకే బెంచీలో కూచుంటారు, ఇంటిపేర్లతో పిలుచుకుంటారేందిరా, తాసీల్దారు ఆఫీసులో మాదిరి" అని నవ్వాడు. "వాళ్ల పద్ధతి అంతే" అన్నాను, జపానులో పదేళ్లు ఉండి వచ్చినవాడిలా. ఆ తర్వాత ఫోను ఆగిపోయింది. నేను చేస్తే ఎత్తలేదు. ఆఖరికి బావ కోడలు చేసింది.

"చిన్నాయనా, ఏం చూపించినావు మా మామకి? ఫోను ఆపేసి బీరువా మీద పెట్టినాడు. అన్నం సగంలో లేస్తన్నాడు. ఏందని అడిగితే 'మీ చిన్నాయన్ని అడుగు' అంటన్నాడు."

"ఏం లేదమ్మా, అది నవ్వులాట కథ."

"నవ్వులాటకి మనిషి ఇట్లయితాడా?"

ఆదివారం దాకా ఆగలేదు, మరునాడే రైలెక్కాను. పరీక్ష రోజు బస్సులో పుస్తకం తెరిచే పిల్లవాడిలా, దారిలోనైనా ఆ కథ చూసేద్దామనుకున్నాను. తర్లుపాడు దాటగానే సిగ్నల్ పోయి ఫోనులో సున్నా చుట్టలు తిరగడం మొదలైంది. ఏమీ చూడకుండానే దిగాను.

బావ వసారాలో గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నన్ను చూసి లేచి కూర్చున్నాడు.

"రెండుసార్లు చూసినా అన్నావే. ఏముందో తెలిసే పంపినావా?"

"తెలుసు బావా. నీకెట్లనిపించిందో చెప్పు."

చెప్పాడు. వాన పడుతున్న స్టేషను. ఆ పిల్ల రైలెక్కబోతోంది. అన్ని భాగాల్లోనూ ఇంటిపేరుతో పిలిచిన ఆ పిల్లవాడు పరిగెత్తుకుంటూ వచ్చి, మొదటిసారి ఆమె సొంత పేరు పిలిచాడు.

"అంతేరా. ముద్దు లేదు, పాట లేదు. పేరు పిలిచినాడు. ఆ పిల్ల మొహం చూడాల. దానికి ఆ పేరు అప్పుడే పెట్టినట్టు నిలబడింది." బావ తువ్వాలు మడత విప్పి మళ్లీ మడిచాడు. "మీ అక్కని నేను ఏమని పిలిచినా?"

"'ఇదిగో' అనేవాడివి. లోడు దించి వస్తే వీధి మొదట్లో హారన్ కొట్టేవాడివి."

"కొడితే వచ్చి నిలబడేది. పేరుతో పనే పళ్లేదు."

మా వైపు పెళ్లాం మొగుడి పేరు ఎత్తదు. మొగుడు పెళ్లాం పేరు ఎత్తకూడదని ఎవరూ చెప్పలేదు గానీ నలుగురిలో ఎత్తితే సిగ్గు. ప్రేమ లేక కాదు. ఉన్న సంగతి బయటపడుతుందని.

"ఆస్పత్రిలో ఆఖరి రోజు నర్సమ్మ చెప్పింది," అన్నాడు బావ. "'పేరు పెట్టి గట్టిగా పిలువు తాతా, పలుకుతదేమో' అని. నేను 'ఇదిగో' అన్నాన్రా. 'ఇదిగో, నిన్నే' అన్నా. పేరుతో అని మళ్లా చెప్పింది ఆయమ్మ. నోటి దాకా వచ్చింది. చుట్టూ అందరూ ఉండిరి. సిగ్గయింది."

నాకు వచ్చింది ఒక్కటే, కోతలు కోయడం.

"తర్వాతి భాగంలో ఆ పిల్ల ఒక మాట అంటది బావా. నువ్వు ఎట్ల పిలిచినా నన్నే పిలుస్తన్నావని నాకు తెలిసేది, అంటది."

"అంటదా?"

"అంటది."

"నువ్వు చూసినావా?"

ఎదురు లారీ లైట్లలోకి చూసినట్టు చూశాడు. ఆ చూపు ముందు నా వల్ల కాలేదు.

"చూళ్లేదు బావా. ఒక్క భాగం కూడా చూళ్లేదు. పైన బొమ్మ చూసి పంపినా."

"మరమనిషి?"

"సగం."

"కొట్లాటది?"

"అది మొత్తం చూసినా. అది మాత్రం నిజం."

"తెలుసులేరా. ఎనిమిదిలో మెకానిక్కు వస్తాడన్నప్పుడే తెలుసు."

"మరి అప్పుడే అడగలేదే?"

"అడిగితే మళ్లా ఫోను ఎత్తేవాడివా?"

వీధి వైపు తిరిగి మళ్లీ ఆయనే అడిగాడు.

"తమ్ముడివి గదా, నువ్వన్నా పిలిచినావా దాని పేరు?"

"నేనెట్ల పిలుస్తా? అక్కా అన్నా."

"మీ నాయన?"

"అమ్మీ అనేవాడు."

"మరి పేరెందుకు పెట్టినార్రా మీరు?"

"రేషన్ కార్డుకి."

బావ పెద్దగా నవ్వాడు. సగంలో ఆ నవ్వు దారి తప్పింది. నేను అటు చూడలేదు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆ పేరు చదివినప్పుడు, ఎవరో పరాయి మనిషిని పాతిపెడుతున్నట్టు నాకు అనిపించింది. ఆ సంగతి ఆయనకు చెప్పలేదు. ఆ పేరు ఇద్దరిలో ఎవరమూ పైకి అనలేదు. ఇక్కడ రాయడానికీ నాకు చేయి రావడం లేదు.

బావ లేచి బీరువా మీది ఫోను తెచ్చాడు. తర్వాతి భాగం ఇద్దరం కలిసి చూశాం. అందులో ఆ పిల్ల ఏమీ అనలేదు. ఆ పిల్లవాడు సిగ్గు ముంచుకొచ్చి మళ్లీ ఇంటిపేరులోకే పడ్డాడు.

"పిరికి నాయాలు," అన్నాడు బావ, సొంత మనిషిని అన్నట్టు. తర్వాత నా వైపు తిరిగి, "చూడంది నాకు చెప్పమాక. చూస్తే ఇద్దరం ఒకే పొద్దు చూద్దాం" అన్నాడు.

అప్పటినుంచి సాయంత్రం ఒక భాగం ఆయన అక్కడ, నేను ఇక్కడ. అవగానే ఫోను. ఇప్పుడు ఎవరైనా నన్ను ఏది చూడమంటావని అడిగితే, ఇంట్లో పిలవడానికి మనిషి ఉన్నవాళ్లను ఆ ప్రేమ కథే ముందు చూడమంటాను. లేనివాళ్లకు మరమనుషులు చాలు. ఎవరూ అడగడం లేదు గానీ జవాబు సిద్ధంగా ఉంది.

మొన్న ఆఖరి భాగం కూడా అయిపోయింది. బావ ఫోను చేశాడు.

"అయిపాయెరా."

"అయిపాయె బావా."

"తర్వాత ఏంది?"

బ్రహ్మాండమైంది ఒకటుందని అనబోయి ఆగాను. "తెలీదు బావా," అన్నాను.

ఆయన ఫోను పెట్టేయలేదు. నేనూ పెట్టేయలేదు. అవతల కుక్కరు కూత, కోడలు "మామా, అన్నం" అని పిలవడం వినబడ్డాయి.

"పోయి తిను బావా."

"నువ్వు తిన్నావా?"

"ఎప్పుడో. కోడికూర వండుకున్నా," అన్నాను.

పొయ్యి వెలిగించనే లేదు.